జైలు చూపిస్తే పిల్లలు దారికొస్తారని కమిటీ, రారని పరిశోధనలు: నిర్ణయం ఎలా తీసుకోవాలి?

ప్రశ్న (తూనికరాయి)

అందరికీ నమస్కారం. 13 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలతో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కార్యవర్గంలో నేను సభ్యుణ్ణి. బడికి ఎగనామం పెడుతూ, చిల్లర దొంగతనాలకో కొట్లాటలకో అలవాటు పడుతున్న పిల్లల కోసం వచ్చే ఏడాది ఒక కార్యక్రమం చేపట్టాలని అనుకుంటున్నాం. ఉన్న నిధులు ఒక్కదానికే సరిపోతాయి కాబట్టి, ఎంపికలో పొరబడితే దిద్దుకోవడానికి మరో ఏడాది ఆగవలసిందే.

పిల్లలను ఒకరోజు జైలుకు తీసుకెళ్లి, శిక్ష అనుభవిస్తున్నవారి నోటనే అక్కడి బతుకు గురించి చెప్పిస్తే, భయంతోనైనా దారికి వస్తారని పోయిన సమావేశంలో ఒక సభ్యుడు ప్రతిపాదించారు. ఖర్చు తక్కువ, ఒక్కరోజు పని, పైగా వినగానే సబబుగా తోస్తుంది. నాతో సహా అందరం తలూపాం. తీర్మానం రాసే బాధ్యత నాది కాబట్టి, ఇలాంటివి ఇంతకుముందు ఎక్కడ జరిగాయో నాలుగు వాక్యాలు చేర్చుదామని వెతికాను. అక్కడే చిక్కు వచ్చింది.

అమెరికాలోని న్యూజెర్సీలో, రాహ్వే జైలులో, 1970లలో సరిగ్గా ఇదే పద్ధతి మొదలైంది. 'స్కేర్డ్ స్ట్రెయిట్' అన్న పేరుతో దాని మీద 1978లో వచ్చిన డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా దక్కింది. అది చూసి చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అయితే జేమ్స్ ఫింకెనావర్ అనే నేరశాస్త్ర ఆచార్యుడు జైలు చూసిన 46 మందినీ, చూడని 35 మందినీ ఆరు నెలల పాటు గమనిస్తే, చూసినవారిలో 41 శాతం, చూడనివారిలో 11 శాతం మళ్లీ నేరం చేశారట. అంకెలు తారుమారుగా అచ్చయ్యాయేమోనని రెండుసార్లు చదివాను.

ఈ సంగతి కమిటీ ముందు పెడితే, అది వేరే దేశం, వేరే కాలం అని ఒకరు తోసిపుచ్చారు. మాలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు ఉన్నారు. "ముప్ఫై ఏళ్లు పిల్లల మధ్య గడిపిన నా అనుభవం ఒక కాగితానికి తీసిపోయిందా?" అని ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇలాంటి చోట పరిశోధనకు ఎంత విలువ ఇవ్వాలి, అనుభవానికి ఎంత ఇవ్వాలి? ఈ రంగంలో పనిచేసినవారు చెప్పగలరా?

జవాబు 1 (అంకెలమేస్త్రి)

కార్యక్రమాల ఫలితాలను మదింపు చేయడమే నా వృత్తి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, మన్నించండి.

ముందుగా మీ ప్రధానోపాధ్యాయురాలి గారి ప్రశ్న. ఆవిడ అనుభవం చిన్నదేమీ కాదు. ఏ పిల్లవాడు ఏ ఇంటి నుంచి వస్తున్నాడు, ఎవరి మాట వింటాడు, ఏ రోజుల్లో బడి ఎగ్గొడతాడు అన్నవి ఏ పరిశోధన పత్రంలోనూ దొరకవు, ఆవిడ దగ్గరే దొరుకుతాయి. కానీ ఎంత అనుభవానికైనా కంటికి ఆననిది ఒకటి ఉంది: ఆ కార్యక్రమం లేకపోతే ఆ పిల్లవాడు ఏమై ఉండేవాడన్నది. కౌమారంలో చిల్లర నేరాలు చేసినవారిలో ఎక్కువమంది పెద్దయ్యేకొద్దీ, ఎవరూ ఏమీ చేయకపోయినా, వాటిని వదిలేస్తారు. దానికి తోడు మనం పిల్లలను ఎంచుకునేది వాళ్ల పరిస్థితి అన్నిటికన్నా దిగజారినప్పుడు. జ్వరం బాగా పెరిగిన రోజున ఏ కషాయం తాగించినా మర్నాటికి కాస్త తగ్గుతుంది, పేరు కషాయానికి వస్తుంది. ముప్ఫై ఏళ్లలో ఆవిడ బాగుపడ్డ పిల్లలను ఎందరినో చూసి ఉంటారు. వాళ్లలో ఎవరు తమంతట తామే బాగుపడేవారో విడదీయాలంటే మాత్రం, అచ్చం అలాంటి పిల్లలే అయి ఉండి కార్యక్రమంలో లేనివారు పక్కన ఉండాలి. పోలిక బృందం అంటే అంతే, అందులో విదేశీయత ఏమీ లేదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని మసాచుసెట్స్‌లో జరిగిన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనం. రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు తలపెట్టిన ఈ కార్యక్రమం 1939 నుంచి 1945 వరకు నడిచింది. మొత్తం 506 మంది అబ్బాయిలను ఒకరికొకరు సరిపోలే జంటలుగా కూర్చి, ప్రతి జంటలో ఒకరిని బొమ్మా బొరుసా వేసి కార్యక్రమంలోకి తీసుకున్నారు. వాళ్ల ఇళ్లకు సలహాదారులు నెలకు సగటున రెండుసార్లు చొప్పున, సగటున ఐదున్నరేళ్ల పాటు వెళ్లారు. చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. ఇంతకన్నా ఆదరంగా ఎవరైనా ఏం చేయగలరు? ముప్ఫై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లందరి జాడ తీసి 1978లో ఫలితాలు ప్రకటించారు. కార్యక్రమంలో ఉన్నవారిలో మూడింట రెండు వంతుల మంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు, కొందరు సలహాదారులను పేరుపేరునా తలచుకున్నారు. జంటలో రెండోవారితో పోల్చి చూస్తే మాత్రం, ఒకసారి నేరం చేసినవారు మళ్లీ చేయడం, తాగుడు లక్షణాలు, చిన్న వయసులో మరణాలు కార్యక్రమంలో ఉన్నవారిలోనే ఎక్కువగా కనిపించాయి. పోలిక బృందమే లేకపోతే ఆ కృతజ్ఞతలన్నీ విని అదొక ఘనవిజయమని రాసుకునేవాళ్లం. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే.

ఇక మీరు ఉదహరించిన 41, 11 శాతాల గురించి ఒక హెచ్చరిక. ఫింకెనావర్ అధ్యయనం చిన్నది. అందులో పిల్లలను బృందాలకు కేటాయించే క్రమం కూడా మధ్యలో కొంత చెడింది. ఆ ఒక్క అంకెల జతనే పట్టుకుని వాదిస్తే, మీ కమిటీలో కాస్త చదువుకున్నవారు ఎవరైనా సులువుగా పడగొట్టేస్తారు. మీరు ఆనుకోవలసింది ఆంథొనీ పెట్రోసినో బృందం చేసిన సమీక్ష మీద. 1967 నుంచి 1992 వరకు అమెరికాలోని వేర్వేరు రాష్ట్రాల్లో దాదాపు వెయ్యిమంది పిల్లలతో జరిగిన తొమ్మిది ప్రయోగాలను వాళ్లు ఒకచోట చేర్చారు. లెక్కకు అనువైనవాటిని కలిపి చూస్తే, జైలు చూసిన పిల్లలు నేరానికి పాల్పడే అవకాశం తగ్గకపోగా పెరిగింది. ఒక్క ప్రయోగం తప్పుదారి పట్టించవచ్చు గాని, వేర్వేరు చేతుల మీదుగా పాతికేళ్ల పాటు జరిగినవి అదే వైపు చూపిస్తుంటే, ఇక రుజువు చేయవలసిన భారం ఈ కార్యక్రమం కావాలనేవారి మీదకు మారుతుంది.

సమీక్షలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మంచి ఫలితం వచ్చిన అధ్యయనాలు అచ్చుకు ఎక్కినంత సులువుగా ఫలితం రానివి ఎక్కవు. అందుకే 'పనిచేస్తుంది' అనే సమీక్షను కాస్త తగ్గించి చదవడం నా అలవాటు.

జవాబు 2 (పొలిమేర)

మేస్త్రి గారు చెప్పినదానితో నాకు పేచీ లేదు, కానీ క్షేత్రంలో పదేళ్లకు పైగా పనిచేసినవాడిగా రెండు మాటలు చేర్చాలి.

పిల్లలు మేలు జరిగిందని చెప్పడం ఎంత వరకు నమ్మవచ్చో నాకు ఒక సాయంత్రం తెలిసొచ్చింది. మేము నడిపిన శిబిరం చివరి రోజున ఐదు వృత్తాలు గీసిన కాగితం పంచి, కార్యక్రమం ఎంత బాగుందో ఒక వృత్తంలో గుర్తు పెట్టమన్నాం. అప్పటికే బయట బస్సు వచ్చి హారన్ కొడుతోంది. ఒక కుర్రవాడు తన కాగితంలో ఐదో వృత్తం నింపి, పక్కవాడి కాగితం లాక్కుని అదే నింపి, ఆ వరుసలో ఆరుగురివీ తన మోకాలి మీదే పూర్తిచేసి మా చేతిలో పెట్టి పరుగెత్తాడు. ఆ ఏడాది నివేదికలో "అత్యధిక సంతృప్తి" అని రాసినప్పుడు ఆ మోకాలే గుర్తొచ్చింది. అయినా రాశాం, నిధులు ఇచ్చేవారికి అదే కావలసి వచ్చింది.

రెండో మాట అసలు విషయానికి సంబంధించినది. "అది వేరే దేశం" అన్న సభ్యుణ్ణి తేలిగ్గా తీసేయకండి. ఆయన అడిగింది సరైన ప్రశ్నే, కాకపోతే దానికి జవాబు వెతకకుండా అక్కడే ఆగిపోయారు. తమిళనాడులో 1980లో ప్రపంచబ్యాంకు సాయంతో పిల్లల పోషకాహార పథకం మొదలైంది. పసిపిల్లల బరువు తూస్తూ, అవసరమైనవారికి అదనపు ఆహారం ఇస్తూ, తల్లులకు సలహాలు చెప్పేవారు. అది ఫలించిందని అదే నమూనాను 1990లలో బంగ్లాదేశ్‌కు తీసుకెళ్తే, ఆశించిన మార్పు రాలేదు. కారణాలు వెతికినవారికి తేలినదేమిటంటే, అక్కడ చాలా ఇళ్లలో సరుకులు తెచ్చేది మగవాళ్లు, ఎవరికి ఎంత వడ్డించాలో తేల్చేది అత్తగారు. పథకం మాత్రం సలహాలన్నీ కోడలికే చెప్పింది. తల్లికి తెలిస్తే బిడ్డకు అందుతుందన్న ఒక్క కొక్కెం మీద పథకమంతా వేలాడుతోంది, రెండో చోట ఆ కొక్కెం లేదు.

కాబట్టి ఒక ఫలితం మనకు వర్తిస్తుందా లేదా అన్నది దేశం పేరు చూసి తేల్చలేం. అక్కడ అది ఏయే మెట్ల మీదుగా ఫలితానికి చేరిందో రాసుకుని, ప్రతి మెట్టూ మన దగ్గర ఉందా అని చూడాలి. జైలు సందర్శనకు ఈ పద్ధతి వర్తింపజేయండి. భయం పుడుతుంది, ఆ భయం ఇంటికి వెళ్లాక కూడా నిలుస్తుంది, కొట్లాట మొదలయ్యే ఆ రెండు నిమిషాల్లో అది గుర్తుకు వచ్చి చెయ్యి ఆపుతుంది. మొదటి మెట్టు సరే, మిగతా రెండూ మీకు నమ్మశక్యంగా ఉన్నాయా? పైగా దారి తప్పుతున్న పిల్లలనే ఏరి ఒక గుంపుగా తిప్పితే ఒకరి నుంచి ఒకరు ధీమా నేర్చుకుంటారని ఒక వాదన ఉంది. మేస్త్రి గారు చెప్పిన మెకార్డ్ కూడా తర్వాతి కాలంలో ఇతరులతో కలిసి అదే రాశారు. ఆ మెట్టు ఏ దేశంలోనైనా ఉంటుందని నా అనుమానం.

జవాబు 3 (నడిమింటి చదువరి)

క్లుప్తంగా ఒక్క విషయం. ఆధారాలు చూసే ముందు మీకు ఏ మార్పు కావాలో కమిటీ ఒప్పుకుందా? సూక్ష్మరుణాల మీద బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకోలలో జరిగిన ఆరు ప్రయోగాలు 2015లో ఒకేచోట అచ్చయ్యాయి. కుటుంబాల ఆదాయాలను అవి పెద్దగా మార్చలేదు గాని, ఏ పని చేసుకోవాలో ఎంచుకునే వెసులుబాటును కొంత పెంచాయి. పేదరికం పోతుందని ఆశించినవారికి అది ఓటమి, ఆ వెసులుబాటే చాలనుకున్నవారికి కాదు. మీ కమిటీలో ఒకరికి నేరాలు తగ్గాలి, మరొకరికి బడి హాజరు పెరగాలి, ఇంకొకరికి ఊళ్లో సంస్థ పేరు వినిపించాలి అన్నట్లయితే, ఏ పరిశోధన తెచ్చినా వాదన తెగదు.

ప్రశ్న వేసినవారు (తూనికరాయి)

ముగ్గురికీ ధన్యవాదాలు. మూడో జవాబు చదివి కాస్త సిగ్గుపడ్డాను, ఎందుకంటే మేము అది మాట్లాడుకోనేలేదు. ఆదివారం మళ్లీ కూర్చున్నప్పుడు మొదట అదే అడిగాను. గంటసేపు వాదించుకుని, కొట్లాటలు తగ్గడం మొదటిది, బడి హాజరు రెండోది అని రాసుకున్నాం.

పొలిమేర గారి మెట్ల పద్ధతిని బోర్డు మీద గీసి చూపించాను. "భయం ఎన్నాళ్లు నిలుస్తుంది?" అన్న మెట్టు దగ్గర ప్రధానోపాధ్యాయురాలే సుద్దముక్క తీసుకుని, "నా బడిలో అయితే సోమవారం దాకా" అని రాశారు. జైలు ప్రతిపాదన అక్కడితో ఆగిపోయింది. పరిశోధన పత్రం చేయలేని పని ఆవిడ చేశారు.

దాని స్థానంలో షికాగో బడుల్లో నడిచిన 'బికమింగ్ ఎ మ్యాన్' అనే కార్యక్రమం గురించి చదివాను. వారానికోసారి బడి వేళల్లోనే అబ్బాయిలు ఒక సలహాదారుతో కూర్చుంటారు. అందులో ఒక ఆట నాకు బాగా నచ్చింది. జంటలో ఒకడి చేతికి బంతి ఇచ్చి, ముప్ఫై సెకన్లలో వాడి పిడికిట్లోంచి దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. దాదాపు ప్రతివాడూ వేళ్లు విరిచినంత పని చేస్తాడు. సమయం అయిపోయాక సలహాదారు అడిగేది ఒక్కటే: "ఇవ్వమని ఎందుకు అడగలేదు?" లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పరీక్షించినప్పుడు, కార్యక్రమం నడుస్తున్న కాలంలో హింసాత్మక నేరాలపై అరెస్టులు 45 నుంచి 50 శాతం వరకు తగ్గాయని 2017లో అచ్చయిన పత్రం చెబుతోంది.

ఇప్పుడు నా సందేహం. మా దగ్గర అర్హులైన పిల్లలు నలభై మంది, చోటు ఇరవై మందికే. లాటరీ వేసి, చోటు దొరకని ఇరవై మందిని పోలిక బృందంగా చూడవచ్చా? పిల్లలతో ప్రయోగాలేమిటని కమిటీలో ఒకరు అభ్యంతరం చెబుతున్నారు.

జవాబు 1 మళ్లీ (అంకెలమేస్త్రి)

ఆ సుద్దముక్క సంగతి చదివి నవ్వుకున్నాను. ముప్ఫై ఏళ్ల అనుభవానికి తగిన స్థానం ఆవిడే చూపించారు.

లాటరీ మీద అభ్యంతరం సహజమే. అయితే ఇరవై మందికి ఎలాగూ చోటు లేదు, ఆ సంగతి లాటరీ వల్ల మారదు. ఎవరికి చోటు అన్నది లాటరీ తేల్చకపోతే, కమిటీ సభ్యులకు తెలిసిన పిల్లలు ముందుకు వస్తారు. మెక్సికోలో పేద కుటుంబాలకు నగదు ఇచ్చే ప్రోగ్రెసా పథకం 1997లో మొదలైనప్పుడు అన్ని గ్రామాలకూ ఒకేసారి చేరడం కుదరలేదు. అందుకని 506 గ్రామాలను తీసుకుని (కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అబ్బాయిలూ 506 మందే, ఈ కాకతాళీయం నాకెప్పుడూ వింతే) 320 గ్రామాలకు ముందు, 186 గ్రామాలకు తర్వాత అని లాటరీతో నిర్ణయించారు. వేచి ఉన్న గ్రామాలకు రెండేళ్లలోపే పథకం అందింది. బడిలో పిల్లల చేరికలు పెరిగాయని ఆ పోలిక చూపించగలిగింది కాబట్టే, ప్రభుత్వం మారినా పథకం పేరు మార్చుకుని కొనసాగింది. మీరు కూడా రెండో విడతలో మిగతా ఇరవై మందినీ తీసుకుంటామని ముందే చెప్పి, తల్లిదండ్రుల అనుమతి తీసుకుంటే అభ్యంతరం చాలావరకు తీరుతుంది. జైలు సందర్శనను మాత్రం లాటరీ వేసి కూడా పరీక్షించకూడదు. మేలో కీడో తెలియనప్పుడే ప్రయోగం న్యాయం, అక్కడ కీడు ఇప్పటికే తెలుసు.

మీకు నిరుత్సాహం కలిగించే మాట ఒకటి ఉంది. నలభై మందితో, ఇది పనిచేసిందా లేదా అని మీరు తేల్చలేరు. ఏడాదిలో చేరనివారిలో ఆరుగురు, చేరినవారిలో ముగ్గురు కొట్లాటల్లో ఇరుక్కున్నారనుకోండి. సగానికి సగం తగ్గిందని సంబరపడతాం, కానీ ఇరవై మంది చొప్పున ఉన్న రెండు బృందాల మధ్య అంత తేడా చీటీల అదృష్టం వల్ల కూడా తరచుగా వస్తుంది. కార్యక్రమం పనిచేస్తుందా అన్నదానికి పెద్ద అధ్యయనాల మీదే ఆధారపడండి. షికాగోలో కూడా అరెస్టుల తగ్గుదల కార్యక్రమం ముగిశాక నిలవలేదు, ఆ సంగతి తీర్మానంలో దాచకుండా రాయండి. మీ నలభై మంది దగ్గర తెలుసుకోగలిగింది వేరే ఉంది: పిల్లలు వారం వారం వస్తున్నారా, ఎన్నో వారం నుంచి మానేస్తున్నారు, సలహాదారు ఆ ఆటను నిజంగా ఆడించి ప్రశ్న దగ్గర ఆగుతున్నారా లేక నీతిపాఠంలోకి జారుతున్నారా.

జవాబు 2 మళ్లీ (పొలిమేర)

చివరిది చాలా ముఖ్యం. అమెరికాలోని టెనెసీలో 1985 నుంచి నాలుగేళ్లు జరిగిన ప్రయోగంలో 13 నుంచి 17 మంది ఉన్న చిన్న తరగతుల్లో పిల్లలు బాగా నేర్చుకున్నారు. 1996లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటా ఒక్కసారిగా తరగతుల సంఖ్యాబలం తగ్గించబోయేసరికి అన్ని వేల మంది టీచర్లు దొరకలేదు, అనుభవం లేనివారిని తీసుకున్నారు, గదులూ చాలలేదు, టెనెసీ నాటి ఫలితం అంత స్పష్టంగా మళ్లీ కనిపించలేదు. మీ విషయంలో టీచరు స్థానంలో ఉన్నది సలహాదారు. ఆ ఒక్కరు ఎవరన్నది తేలకుండా లాటరీ తేదీ పెట్టుకోకండి.

ప్రశ్న వేసినవారు (తూనికరాయి)

సలహాదారు కోసం ఇద్దరిని అనుకున్నాం, ఇద్దరి చేతా నలుగురైదుగురు పిల్లలతో ఒక్కో గంట నడిపించి, ప్రధానోపాధ్యాయురాలు వెనక కూర్చుని చూస్తారు. లాటరీకి కమిటీ ఒప్పుకుంది, చీటీలు పిల్లల ఎదుటే తీయాలన్న షరతుతో. ఆరు నెలల తర్వాత ఏం కనిపిస్తే కార్యక్రమాన్ని ఆపేయాలో ఇప్పుడే కాగితం మీద రాసి అందరూ సంతకం చేయాలని ఆవిడే ప్రతిపాదించారు. మూడు వరుస వారాలు సగం మంది రాకపోతే ఆపాలని ఆవిడ, అలా ఆపితే నిధులు ఇచ్చినవారికి ఏం చెప్పాలని కోశాధికారి. సంతకాలు ఇంకా కాలేదు, వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.